చప్పిడమ్మ భోజనానికి వచ్చిన రోజు

ఆస్పత్రి వరండా చివర, దుప్పట్ల కొట్టు పక్కన ఉండేది ఆమె గది. తలుపు మీద ‘ఆహార సలహా’ అని రాసి ఉన్నా జనం నోట్లో మాత్రం అది చప్పిడమ్మ గది. ఆమె పోయాక కూడా ఎవరైనా దారి అడిగితే అలాగే చెబుతున్నారు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకి డాక్టర్లు చీటీ రాసి అక్కడికి పంపేవాళ్లు. వాళ్లేమో ఇక ఈ జన్మకి రుచి ఎరగం అన్నట్టు ముఖాలు వేలాడేసుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఆ పేరు ఆమె చెవిన పడకపోలేదు. ఒకసారి నర్సు నోరు జారి నాలుక కరుచుకుంటే, పర్లేదులే, తీపి పేరు పెడితే షుగరువాళ్లు బెదిరిపోతారు అని నవ్వేసింది.

చిన్నప్పట్నుంచీ ఆమెకు ఒకటే యావ, ఎదుటివాళ్లు ఏం తింటున్నారో తెలుసుకోవడం. బడిలో పక్కపిల్లల డబ్బాల్లోకి తొంగిచూసి మొట్టికాయలు తింది. ఆ తొంగిచూపులకే ఇప్పుడు జీతం పుచ్చుకుంటున్నావని మొగుడు ఏడిపించేవాడు. బస్సులో పక్కావిడ సంచిలో కూరలు చూసి ఆ ఇంట్లో పళ్లు లేని ముసలివాళ్లున్నారో, కూర ముట్టని పిల్లలున్నారో ఊహించేది. ఊహించి ఊరుకుంటే బాగానే ఉండును. దిగేలోపు అడిగి సరిచూసుకునేది కూడా. పక్కనున్న మొగుడు పాపం ఈవిడెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు.

ఏం తింటారని అడిగితే అందరూ అబద్ధమే చెబుతారని, అదీ మర్యాద కోసమేనని ఆమె నమ్మకం. అందుకని తినేటప్పుడు మధ్యలో ఎవరు లేస్తారు, గిన్నె అడుగున మిగిలింది ఎవరు తింటారు, ఇలాంటివి అడిగేది. ఒక్క విషయంలో మాత్రం పట్టు విడిచేది కాదు. రోగికి వేరే గిన్నె పెట్టకూడదు. వేరుగా వండిన చప్పిడి కూర ముందు కూర్చోబెడితే ఎంత బుద్ధిమంతుడైనా వారం తిరక్కుండా పక్క కంచం వైపు చూస్తాడు. అదే ఇంటిల్లిపాదీ కొద్దికొద్దిగా ఉప్పూ నూనే తగ్గించుకుంటూ వస్తే నాలుకలన్నీ కలిసే అలవాటు పడతాయి. చప్పగా అనిపిస్తే నిమ్మరసం పిండండి, వెల్లుల్లో మిరియాలో దంచి వేయండి, కంచంలో సగం కూరగాయలే ఉండనివ్వండి, కబుర్లు చెప్పుకుంటూ నెమ్మదిగా తినండి. ఆమె చెప్పే వైద్యమల్లా ఇంతే.

ఈ వైద్యం పారని ఇల్లు ఒకటి తగిలింది. సిటీ బస్సు డ్రైవరు, అతని భార్య. నెలలు గడుస్తున్నా అతని బీపీ మెట్టు దిగడం లేదు. ఈసారికీ దిగకపోతే మందు పెంచక తప్పదన్నాడు డాక్టరు. డిపో క్యాంటీన్‌లో వేపుళ్లు మానేశానని డ్రైవరు ఒట్టు పెట్టాడు. బల్ల మీది ఉప్పు డబ్బా అటక ఎక్కించానని భార్య చెప్పింది. ఆయన డిపోలో ఏం మేస్తున్నాడో ఎవరు చూడొచ్చారని ఆమె ఎత్తిపొడిస్తే, డిపో అంటే పెళ్లి పందిరి అనుకుంటోంది మేడమ్ అని అతను గొణిగాడు.

వంట ఎవరిదని అడిగింది చప్పిడమ్మ. డ్రైవరు తల్లిదట. మామగారు పోయినప్పట్నుంచీ అత్తగారికి ఆ పొయ్యే లోకమని, ఇంకొకరు గరిట పట్టుకుంటే ఆ పూట అన్నం ముట్టదని కోడలు చెప్పింది.

“వంట బావుంటుందా?”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అలవాటైపోయింది” అన్నాడు డ్రైవరు.

ఆ మాట చప్పిడమ్మను పట్టుకుని వదల్లేదు. బావుంటుంది అనలేదు, బావుండదు అనలేదు, అలవాటైపోవడం ఏమిటి? ఒకరోజు భోజనానికి వస్తాను, చుట్టాన్ని చూసినట్టు చూడండి అని అక్కడికక్కడే తనను తానే పిలుచుకుంది.

రెండో అంతస్తులో చిన్న ఇల్లు. వంటగదిలో ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. గుమ్మం దగ్గర పీట వేసుకుని బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చుంది చప్పిడమ్మ. ఉప్పు లేకుండా తినమని ఊరందరికీ చెబుతావట, నువ్వు తిని చూపించు ముందు అని దెప్పుతూనే ముసలావిడ చకచకా పని కానిస్తోంది. చేతుల్లో వేగం ఉంది, కొలత ఉంది. అయినా ఎక్కడో ఏదో తేడాగా ఉంది.

అదేమిటో మూత తీసినప్పుడు దొరికింది. ఏళ్ల తరబడి వండిన మనిషి ఎవరైనా మూత తీయగానే తనకు తెలియకుండానే ఆవిరి మీదికి ముఖం వంచుతుంది. ఈవిడ వంచలేదు, ఊరికే చూసి మూత పెట్టేసింది. కాసేపటికి కూర అడుగంటుతున్న వాసన గుమ్మం దాకా వచ్చింది. ఏదో మాడుతోందని ముందు గదిలోంచి కోడలు కేకేసింది. పొగ కంటికి ఆనాక గానీ ముసలావిడ స్టవ్ తగ్గించలేదు. తర్వాత అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసింది. చిటికెడు ఉప్పు వేసింది. మళ్లీ చూసి ఇంకో చిటికెడు వేసింది. పోగొట్టుకున్నదేదో వెతుకుతున్న మనిషిలా ఉంది ఆ ముఖం.

భోజనంలో డ్రైవరు ముద్ద ముద్దకీ మంచినీళ్లు తాగాడు. చప్పిడమ్మ కూడా తాగింది. అలవాటైపోయిందంటే ఏమిటో అర్థమైంది.

గిన్నెలు కడిగే వంకతో చప్పిడమ్మ వెళ్లి ముసలావిడ పక్కన నిలబడింది.

“పెద్దమ్మా, వాసన ఎప్పట్నుంచి తెలీడం లేదు?”

కుళాయి కింద చేతులు ఆగిపోయాయి. ముసలావిడ గుమ్మం వైపు చూసి కుళాయి ఇంకాస్త తిప్పింది, ముందు గదిలోకి మాట వినపడకుండా. ఆ నీళ్ల చప్పుడులోనే చెప్పింది. పోయిన ఏడాది జ్వరం వచ్చి తగ్గిందట. జలుబే కదా అనుకుందట. ఆ తర్వాత ఏది నోట్లో పెట్టుకున్నా గడ్డే, ఉప్పొక్కటే కాస్త తెలుస్తుందట.

“చెబితే మీరు కూర్చోండత్తయ్యా అంటారు. కూర్చుని గోడలు చూడనా? నువ్వూ చెప్పకు తల్లీ.”

ఉప్పు సంగతంటే ఎలాగోలా సర్దొచ్చు అనుకుంది చప్పిడమ్మ. చూపు సిలిండరు మీద పడింది.

“ఉప్పు సంగతి దాచగలను పెద్దమ్మా, గ్యాసు సంగతి దాచలేను.”

“నాబ్ తడిమి చూసుకుంటూనే ఉన్నా.”

“పైపు చిరిగితే చేతికేం తెలుస్తుంది?”

నేను చెప్పను, మీరే చెప్పండి, ఇక్కడే ఉంటాను అంది చప్పిడమ్మ. ముక్కు డాక్టరుకి చూపించుకోవచ్చని కూడా చెప్పింది. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుని, ముసలావిడ కొడుకునీ కోడల్నీ పిలిచింది. ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఉప్పు కషాయం తింటూ నోరెందుకు మూసుకున్నావురా?” అంది ఆవిడ.

“చెబితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని.”

అంటూ డ్రైవరు వంగి సిలిండరు దగ్గర పైపు తిప్పి తిప్పి చూడసాగాడు.

“అయితే ఇకనుంచి నేను...” అని మొదలుపెట్టింది కోడలు. అత్తగారి చెయ్యి పొయ్యి గట్టు అంచుని గట్టిగా పట్టుకోవడం చూసి ఆగింది. చప్పిడమ్మ నాలుక చివర బోలెడు సలహాలున్నాయి. మింగేసింది.

“ఉప్పు నేను వేస్తాను, మాడుతోందో లేదో నేను చెబుతాను. మిగతాదంతా మీరేనత్తయ్యా” అంది కోడలు.

“నీకు ఉప్పు వెయ్యడం మాత్రం వచ్చేమిటి? రా, నేర్పుతాను” అంటూ ముసలావిడ పొయ్యి ముందు ఇంకో మనిషి పట్టేంత పక్కకి జరిగింది.