సీడీ అయితే మాత్రం ఊరికే ఇస్తామా?

మా పక్కింటి డ్రాయింగు మాస్టారు పోయారని కొత్తపేట సంతలో కాయలు అమ్ముతుండగా తెలిసింది. కబురు చెప్పినాయన ఆ నోటితోనే, "పాపం, ఆటల పిచ్చి మాస్టారండీ" అన్నాడు. "పిచ్చి కాదు, అది ఆయన పని" అన్నాను. ఆ మాట అతనికి ఎక్కినట్టు లేదు. అందుకే మీ అందరికీ చెబుతున్నాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నా మాట మెత్తబరచకుండా రాయమన్నాను.

మాస్టారు ప్రైవేటు బడిలో బొమ్మలు నేర్పేవారు. పింఛను లేని ఉద్యోగం. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఏళ్ల తరబడి ఒక ఆట తయారు చేశారు. పేరు లంకల ఆట. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు పుస్తకం పట్టుకుని కథ నడుపుతారు. మిగిలినవాళ్లలో ఒకరు పడవ నడిపే సరంగు, ఒకరు పాలమనిషి, ఒకరు దొంగ. గోదారికి వరదొస్తుంది, ఏటి మధ్య లంకలో పశువులు చిక్కుకుంటాయి. అప్పుడు ఎవరేం చేస్తారో వాళ్లే నోటితో చెప్పాలి. అది సాగిందా లేదా అన్నది గవ్వలు వేసి చూస్తారు. కథ ఎటు పోతుందో పుస్తకం పట్టుకున్నవారికే తెలియదు.

"చదువు రానిదాన్ని, నాకెందుకండీ" అన్నాను మొదట్లో. మాస్టారు చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టారు. ఎవరి మాటైనా పూర్తిగా వినదలచుకుంటే అలా పెట్టేవారు. "మీరేం చేస్తారో చెప్పండక్కగారూ. ఏం జరిగేదీ గవ్వలు చెబుతాయి. చదవడం నా వంతు" అన్నారు.

ఆ సాయంత్రం నేను సరంగుని. అసలు గోదారిలో నా చేతికి చుక్కాని ఎవరిస్తారు? మాస్టారి బల్ల మీద మాత్రం దూడలతో సహా లంకంతా దాటించాను. దొంగ వేషం కట్టిన పోస్టుమాస్టరుగారిని ఒడ్డునే వదిలేశాను. "అక్కగారూ, నన్నూ ఎక్కించుకోండి, ఈత రాదండీ నాకు" అని ఆయన నిజంగానే బతిమాలారు. "దొంగతనానికి వచ్చేటప్పుడు తెలీలేదేంటండీ?" అన్నాను. మాస్టారు కళ్లజోడు తీసి నీళ్లు తుడుచుకునేదాకా నవ్వారు.

తొంభైల్లో ఆ పుస్తకం అమలాపురం ప్రెస్సులో అచ్చయింది. మాస్టారు ప్రతి కాపీనీ విప్పి చూసేవారు. లంకల పటం వంకరగా అతుక్కుంటే అది అమ్మకుండా పక్కన పెట్టేవారు. "నమ్మి కొంటారండీ, నదే వంకరగా ఉంటే ఎలా?" అనేవారు. నది వంకరగానే కదా ఉండేది అని నేను ఏడిపించేదాన్ని.

తర్వాత కొన్నేళ్లకు కంప్యూటర్లు వచ్చాయి. మాస్టారి దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఆ పుస్తకాన్ని బొమ్మలతో సహా సీడీలోకి ఎక్కించి ఇచ్చింది. దానికి ఎంత వెల పెట్టాలన్న దగ్గర నాకూ మాస్టారికీ పెద్ద తగువే అయింది.

"పుస్తకం వెలే పెడతానండీ. నా కష్టం రెండింటికీ ఒకటే కదా" అన్నారు.

"మీ కష్టం ఒకటేనండీ. ప్రెస్సాయన కష్టం ఏదీ ఇందులో? కాగితం ఏదీ? కుట్టు ఏదీ? లేనిదానికి డబ్బు తీసుకుంటే కొన్నవాళ్లు తిట్టరా?"

ఆయనకు కోపం వచ్చింది. పెన్సిలు మాత్రం చెవి మీంచి దిగింది. నేను కొబ్బరి వ్యాపారం మనిషిని, నాకు తెలిసిన దారిలోనే చెప్పాను. డొక్కతో, అంటే పైపీచుతో, కాయ కొంటే ఒక ధర. డొక్క వద్దు, వలిచి ఇమ్మంటే డొక్క ఖరీదు తగ్గిస్తాం, వలుపు కూలి కలుపుతాం. అంతే తప్ప లోపలి కాయను తగ్గించం. ఊరికే అసలివ్వం.

"ఆయ్, బాగుందండీ" అన్నారు మాస్టారు. కాగితం, అచ్చు, కుట్టు, బస్సు మీద పార్శిలు, అన్నీ పుస్తకం వెలలోంచి తీసేశారు. సీడీ ఖరీదు, ఎక్కించిన అమ్మాయి కూలి కలిపారు. ఆయన కష్టం ఉన్నది ఉన్నట్టే ఉంచారు. అక్కడితో ఆగలేదు. ఇదివరకే పుస్తకం కొన్నవాళ్లు వస్తే సీడీ ఖరీదూ ఆ కూలీ మాత్రమే తీసుకునేవారు. "కథ డబ్బు వాళ్లు ఒకసారి ఇచ్చేశారండీ. ఒకే కాయని రెండుసార్లు అమ్మకూడదు" అన్నారు. అది నాకు తట్టలేదు. ఇంతకంటే న్యాయమైన వెల ఎవరు పెడతారో చెప్పండి.

అయినా కొన్నాళ్లకే నెట్ సెంటరులో దాన్ని కాపీ తీసి పంచేస్తున్నారని తెలిసింది. తిన్నగా అక్కడికే వెళ్లాను.

"కాపీ తీస్తే ఆయన సీడీ అరిగిపోద్దేటండీ మామ్మగారూ?" అన్నాడు దాని ఓనరు.

"మా చెట్టు కాయ దింపుకుపోతే చెట్టూ అరగదు. దింపుకుపోతావా?"

"చెట్టుకి కాయ తగ్గుద్ది కదండీ. దీనికేం తగ్గుద్ది?"

"మాస్టారింట్లో బియ్యం తగ్గుద్ది. నీ కంప్యూటరు ముందు గంట కూర్చుంటే డబ్బులు తీసుకుంటావు కదా, కుర్చీ ఏమన్నా అరిగిందా?"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు. కాపీలు మాత్రం మానలేదు. మాస్టారితో చెబితే, "అడగడానికి మనం సిగ్గుపడితే వాళ్లకి తీసుకోవడానికి సిగ్గెందుకుంటుందండీ" అన్నారు. తన సీడీ వెల మాత్రం తగ్గించలేదు.

పోయేనాటికి ఆయన రెండో ఆట పూర్తి చేశారు. సముద్రం మీదికి వేటకు వెళ్లేవాళ్ల కథ. బొమ్మలన్నీ వేసి ఉన్నాయి. మొదటి ఆట మీద వచ్చేదాంతో అది అచ్చేయించాలని ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, పట్టుదలగా ఉన్నారు. చర్చిలో జ్ఞాపకార్థ కూటం రోజు బల్ల మీద ఒకవైపు పుస్తకాలు, ఒకవైపు సీడీలు పెట్టింది అందుకే.

ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద లేచారు. "మన మాస్టారు దానశీలి. ఆయన పేరు మీద ఈ ఆటని ఊరూరా ఉచితంగా పంచుదాం. కాపీలు నెట్ సెంటరువాళ్లు తీసిస్తామన్నారు. ఖర్చేముంది?" అన్నారు. జనం తల ఊపారు.

నేను లేచాను. "ఎవరి సొత్తండీ మీరు పంచేది?" అన్నాను. "ఆయన దానం చెయ్యలేదు. వెల కట్టి, ఇదీ వెల అని నోటితో చెప్పేరు. ఇవ్వనివాళ్లు ఇవ్వలేదు. బతికుండగా ఎగ్గొట్టి, పోయాక దానం అంటారా? రెండో పుస్తకం ప్రెస్సుకి వెళ్లాలి. అది మీరు అచ్చేయిస్తారా?"

"దేవుడి గుడిలో అరవకండి, అక్కగారూ" అన్నారు పెద్దాయన.

"గుడిలో నిజం చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలండీ?"

ముందు వరసలోంచి అమ్మగారు లేచారు. నన్ను కూర్చోమంటారనుకున్నాను. ఆవిడ బల్ల వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కొంగు భుజం చుట్టూ సర్దుకున్నారు. చెదిరిన సీడీలను వరసగా పేర్చి, తల ఎత్తి పెద్దాయన వైపు చూశారు.

"అన్నయ్యగారూ, మీకు పుస్తకం ఇమ్మంటారా, సీడీ ఇమ్మంటారా?"

"అది కాదమ్మా, నేను చెప్పేదేంటంటే..."

"పుస్తకమైతే కాగితం ఖరీదు కూడా పడుద్దండీ" అన్నారు ఆవిడ, ఎంతో మర్యాదగా.

పెద్దాయన చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఆయన వెనక ఒకరు డబ్బు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆ వెనక ఇంకొకరు. ఫ్యాను గాలికి బల్ల మీది పుస్తకాల అట్టలు లేచి లేచి పడుతున్నాయి. అమ్మగారు వాటి మీద అరచెయ్యి ఆనించి, ఆయన జవాబు కోసం అలా చూస్తూనే ఉన్నారు.