బిజిలీ త్రేన్పు

మీరాలం మండీలో ఉల్లిగడ్డల బస్తాలు మోసే ఆగయ్యకు ఇరవై ఏళ్లలో రెండు పోయాయి. ఒకటి నడుము, రెండోది ముక్కు. నడుము పోయిన సంగతి రోజూ తెలుస్తూనే ఉంది. ముక్కు పోయిన సంగతి మాత్రం పంతొమ్మిది వందల యాభై నాలుగు ఎండాకాలం దాకా తెలియలేదు.

బస్తాలు కాక అతనికున్న ఆస్తి ఒక ఆవు. ఇంటి నుంచి పక్క సందుకు పోవడానికే పూట తీసుకుంటుంది కాబట్టి దానికి బిజిలీ, అంటే మెరుపు, అని పేరు పెట్టాడు. తెల్లవారగానే ఆవునూ దూడనూ తోలుకొని లాల్‌దర్వాజాలో కోమలవల్లమ్మ గడప ముందు నిలబడేవాడు. ఆమె భర్త రంగనాథాచారి వెనక సందు గుళ్లో అర్చకుడు. ఆ ఇంటి పాలే స్వామి నైవేద్యానికి పోయేవి.

పాలు పిండడానికి అక్కడ ఒక పద్ధతి ఉండేది. ముందు ఆగయ్య చెంబు బోర్లించి చూపాలి. నీళ్ల చుక్క లేదని కోమలవల్లమ్మ తల ఊపాలి. తర్వాత రెండు చేతులూ పైకెత్తి చూపాలి, ఎందుకంటే చొక్కా చేతుల్లో నీళ్ల తిత్తి దాచే ఘనులు ఊళ్లో ఉన్నారు. అప్పుడు ఆమె కళ్ల ముందే పిండాలి. ఆ గడపలో నెగ్గిన ఆవు సందంతా నెగ్గినట్టే. అక్కడ వద్దంటే మిగతా పది ఇళ్లూ వద్దంటాయి. ఇంక ఆవును అమ్ముకోవడమే.

ఆ ఎండాకాలం మేతకు కటకట వచ్చింది. మామూలుగా పురానాపూల్ కింద, మూసీ ఒడ్డున మోరీ మురుగునీళ్లకు పెరిగే గడ్డి కోసుకొచ్చేవాడు. అది తిన్నన్నాళ్లు పాలు పలచగా దిగేవి. ఇప్పుడు అదీ ఎండింది. మండీలో చూస్తే ఉల్లికాడలు, పొట్టు, మెత్తబడిన గడ్డలు గుట్టగా పడి కుళ్లుతున్నాయి. దుకాణందారు గఫార్ భాయ్ ముక్కుకు రుమాలు కట్టుకొని బేరం చేస్తున్నాడు.

"గఫార్ భాయ్, గీ కాడలు తీస్కపోనా?"

"అరే లేజావ్ భాయ్, సబ్ లేజావ్! చాహే తో మేరే కూ భీ లేజావ్, యే బద్‌బూ సే బచావ్!"

కంపు తప్పించడానికి కావాలంటే తననూ తీసుకుపొమ్మన్నాడు గఫార్ భాయ్. ఆవుకు మేత, మండీకి సఫాయి. స్వామి కార్యం, స్వకార్యం రెండూ అయ్యాయని ఆగయ్య మురిసిపోయాడు. బిజిలీ ఆ రాత్రంతా నములుతూనే ఉంది.

మర్నాడు కోమలవల్లమ్మ ఇంట్లో పాలతో పాటు వాసన కూడా పొంగింది. మిగతా పది ఇళ్లకు ఉల్లి వాసన కొత్త కాదు, ఆ ఇంట్లోకి మాత్రం తాతల నాటి నుంచి ఉల్లి అడుగు పెట్టలేదు. ఆమె గిన్నె చూసింది, పొయ్యి చూసింది, చివరికి భర్తను చూసింది. చెంబు తానే చూసింది, పాలు తన ముందే పిండించింది, కాబట్టి తప్పు పాలది కాదు. ఇంట్లో బజారుకు పోయే మనిషి ఒక్కడే.

ఆ మరుసటి పొద్దున ఆగయ్య వచ్చేసరికి లోపల లొల్లి.

"నోరు తెరవండి. ఆ అనండి."

"ఆ..."

"నిజం చెప్పండి, ఎక్కడ తిన్నరు?"

అర్చకుడి గొంతు సన్నగా వినబడింది. "ఒక్కటేనే కోమలా. శాలిబండ దగ్గర. ఉల్లిగడ్డ పకోడీ."

"ఎప్పుడు?"

"పోయిన కార్తీకంల."

కార్తీకం పోయి ఆరు నెలలు. అయినా నేరం నేరమే. ఆ రోజు నుంచి రంగనాథాచారికి అరుగు మీద పడక, పూటకు పన్నెండు సార్లు తులసినీళ్ల పుక్కిలింత. వాసన పోయేదాకా స్వామి దగ్గరికి పోవద్దని ఆజ్ఞ. గుళ్లో ఆయన తమ్ముడు గంట కొట్టాడు.

మూడు రోజులైంది. ఆయన చెంపలు ఉబ్బాయి గాని ఇంట్లో వాసన పోలేదు. నాలుగో పొద్దున ఆయన ఆగయ్యను అరుగు దగ్గర పట్టుకున్నాడు.

"ఆగయ్యా, నేను నిద్రల లేచిపోయి తింటున్ననేమోరా. నాకు నా మీదనే నమ్మకం పోయింది. జర వాసన చూడు."

అర్చకుడు నోరు తెరిచాడు. ఆగయ్య గట్టిగా పీల్చాడు.

"ఏం వస్తలేదయ్యగారూ."

"తులసి వాసన గూడనా?"

"అదీ వస్తలేదు."

ఆయనకు అనుమానం వచ్చింది. వెలుగుతున్న ఊదుబత్తి తెచ్చి ఆగయ్య ముక్కు కింద పెట్టాడు. "మరి ఇది?"

"కండ్లు మండుతున్నయి గని, వాసనేం లేదు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే బిజిలీ నెమరు ఆపి, మెడ చాచి, అర్చకుడి ముఖం మీద నిండుగా త్రేన్చింది.

రంగనాథాచారి రెండడుగులు వెనక్కి పోయి స్తంభం పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, సగం ఘాటుకు, సగం సంతోషానికి. "నేను గాదురా! ఆవు! ఏం పెడుతున్నవు దీనికి?"

"ఉల్లికాడలు," అన్నాడు ఆగయ్య. అప్పుడు గాని అతనికి సంగతి ఎక్కలేదు. తాడు పట్టుకొని ఆవును వెనక్కి మళ్లించబోయాడు.

అది చూసి అర్చకుడి సంతోషమూ దిగిపోయింది. "ఇది చెప్తే మా ఇంటామె నీ ఆవును గడప తొక్కనియ్యదు."

"చెప్పకపోతే?"

"నేను అరుగు మీదనే ముసలోన్నయిత." ఆయన చాప సర్దుకున్నాడు. "పోనీలే. ఎండాకాలమే గద. గాలి మంచిగనే వస్తుంది."

ఆ మాట ఆగయ్యకు బస్తా కన్నా బరువైంది. తలగుడ్డ తీసి చేత పట్టుకొని "అమ్మా!" అని పిలిచాడు.

"తప్పు నాదమ్మా. ఆవుకు ఉల్లికాడలు ఏసిన. నా ముక్కు పనిచేస్తలేదని ఇయ్యాల్నే ఎర్కైంది."

కోమలవల్లమ్మ ఆవును చూసింది, భర్తను చూసింది. "వారం దినాలు ఇస్త. పాల వాసన పోయిందా, సరే. పోలేదా, సందుల అందరికి నేనే చెప్త. అందాక ఈయనకు అరుగే."

ఆగయ్య కాడలు బందు పెట్టాడు. ఎక్కడెక్కడో తిరిగి జొన్నచొప్ప, తౌడు తెచ్చాడు. రెండో నాటికే పాలు చిక్కగా, కమ్మగా దిగాయి. కాని చొప్ప సగం కడుపుకే వచ్చింది. అటు మండీలో గుట్ట మళ్లీ పెరిగి, ఈగలు లేచి, గఫార్ భాయ్ "బిజిలీ కో బులావ్!" అని, ఆవును పిలవమని మొత్తుకుంటున్నాడు.

ఆగయ్య తల పట్టుకుంటే అతని భార్య రాజమణి అంది, "నువ్వు రాత్రి ఎల్లిగడ్డ కారం తింటే పొద్దుగాల్దాంక వాసన కొడ్తవు. పొద్దుగాల తింటే రాత్రికి ఉండదు. ఆవుకు గూడ గంతే. పాలు పిండినంక ఎయ్యి."

"గింత తెలిసినదానివి, పాలల్ల వాసన నీకు రాలేదా?"

"ఇరవై ఏండ్ల సంది నీ దగ్గర అదే వాసన. ఆవుదని ఎట్ల తెలుస్తది?"

పాలు పిండిన వెంటనే ఒక్క గంపెడు కాడలు, అంతకు మించి లేదు. పొద్దెక్కినాక చొప్ప, తౌడు. సాయంత్రం పాలు దూడకు. దూడకు మడి లేదు కదా. అట్లా మండీ గుట్టా తరిగింది, బిజిలీ కడుపూ నిండింది.

వారం నిండిన పొద్దున కోమలవల్లమ్మ పాలు ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు నిలబడింది.

"కమ్మగున్నయి," అని లోపలికి పోయింది. పోతూ పోతూ అరుగు మీది చాప కూడా తీసుకుపోయింది.

ఆ రోజు నుంచి పద్ధతిలో మరి రెండు చేరాయి. చెంబు చూసి, చేతులు చూసి, కోమలవల్లమ్మ మడిచీరతో వంగి బిజిలీ నోటి వాసన చూసేది. బిజిలీ ఆమె చెంప నాకేది. ఆమె మళ్లీ స్నానానికి పోతూ దారిలో మొగుడి నోరు కూడా చూసేది.

ఆవు ఒక్కనాడూ పట్టుబడలేదు. రంగనాథాచారి మాత్రం అప్పుడప్పుడూ పొద్దున్నే బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, నోటికి కండువా అడ్డం పెట్టుకొని ఆగయ్య చెవిలో అడిగేవాడు.

"ఇయ్యాల ఆవుకు పిండకముందే రెండు కాడలు ఎయ్యరాదురా?"

ఆగయ్య వినబడనట్టే చెంబు బోర్లించేవాడు.