కట్ట మీది గునుగు

నా చిన్నప్పుడు, 1968 ఆగస్టు 25, ఆదివారం, పొద్దున ఏడున్నరకు, చిట్యాల దగ్గరి మా ఊళ్లో బడిపిల్లలం ఇరవై ఇద్దరం కుంట కట్ట మీదికి శ్రమదానానికి వెళ్లాం. ఆ కట్ట మీద ఏటా గునుగు మొలిచేది. మా వాడ బతుకమ్మలన్నిటికీ పువ్వు అక్కడిదే. రెండేళ్లుగా ఏదో కొత్త కలుపు వచ్చి దాన్ని తొక్కేస్తోంది. ఇప్పుడు వయ్యారిభామ అంటున్నారు. అప్పటికి మాకు దాని పేరు కూడా తెలియదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ఇరవై ఎనిమిది రోజులే ఉంది. ఆలోపు కలుపు తీసి గునుగును కాపాడాలని మా సారు తీసుకెళ్లారు.

కాపాడిన తీరు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మేమంతా జొన్నచేలలో కలుపు తీసి పెరిగిన పిల్లలం. చేలో గునుగు కూడా కలుపే, కనబడితే పీకెయ్యడమే. కబుర్లు చెప్పుకుంటూ, పందేలు వేసుకుంటూ, కొత్త కలుపుతో పాటు గునుగునూ పీకి ఎవరి కుప్ప వాళ్లం పోశాం. సారు శభాష్ అన్నారు. ఆయన పట్నం మనిషి, గునుగు ఏదో ఆయనకేం తెలుసు?

పదకొండు గంటలకు మా అవ్వ వచ్చింది. కుప్పలు చూసి నెత్తి కొట్టుకుంది.

"కండ్లు ఇంట్ల వెట్టి వచ్చిన్రానే? గిది మీ నాయిన శేను గాదు, కట్ట!"

"చెయ్యి ఆగలే అవ్వా" అన్నాను.

"ఆగకుంటే బతుకమ్మల ఏం పెడ్తవే, నీ జడనా?"

కొట్టలేదు. కుప్పలన్నీ విప్పించి, గునుగును వేరు చేయించి, ఒక్కొక్కటే లెక్కపెట్టించింది. లెక్క రాసే పని నాకు అప్పగించింది. వేరు తెగనివాటిని మళ్లీ నాటించి, కుంటలోంచి నీళ్లు మోయించింది.

ఆ ఏడు మా బతుకమ్మ ఒట్టి తంగేడుతో జానెడే లేచింది. దాని చుట్టూ ఆడుతూ అవ్వ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నేటికీ ఆకు తిప్పి చూడనిదే నా చెయ్యి ఏ మొక్క మీదా పడదు. బ్యానరు కట్టుకొని వచ్చి, గంటలో జాగా అంతా గొరిగేసి పోయేవాళ్లను చూస్తే అరవబుద్ధవుతుంది. అరుస్తాను కూడా.

పీకిన గునుగు నాలుగు వందల పన్నెండు. మళ్లీ నాటినవి తొంభై ఆరు. బతికినవి ముప్పై ఒకటి. పోయినవి మూడు వందల ఎనభై ఒకటి. పీకినవాటిలో నా చేతివి ఇరవై ఏడు.