కంప్రెసర్ పక్కన తలగడ

మా బాబాయి మోటారున్న ఏ వస్తువునైనా దాని పక్కన పడుకుని చూశాకే కొంటాడు. కునుకు పడితే సరే, పడకపోతే ఎంత మంచి సరుకైనా వద్దంటాడు. ఫ్రిజ్ కొన్న రోజున కొట్లోనే చాప పరిచి గుర్రు పెట్టాడు. పిన్ని ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లదు.

రిటైరయ్యాక వెనక గదిలో పాత కుర్చీలు బాగుచేసి రంగు కొట్టే పని పెట్టుకున్నాడు. రంగు చిమ్మే గన్నుకి గాలినిచ్చే కంప్రెసర్ కావాలి. నన్ను తోడు రమ్మన్నాడు. తోడంటే మరేం లేదు, తలగడ మొయ్యడానికి.

మొదటి కొట్టాయన ట్యాంకు గురించీ మోటారు గురించీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. బాబాయి అంతా విని, ఆన్ చెయ్యమని నేలమీద నడుం వాల్చాడు. మోటారు మొదలవగానే ఉలిక్కిపడి లేచాడు.

"సార్, ఇది పని చేసుకోడానికండీ, పడుకోడానికి కాదు" అన్నాడు కొట్టాయన.

"ఒకళ్లు పని చేసుకుంటుంటే ఇంకొకళ్లు పడుకోకూడదా?" అన్నాడు బాబాయి.

పిన్ని మధ్యాహ్నపు కునుకు కోసం కాబోలనుకున్నాను. ఆ మాటంటే పిన్ని నామీద విరుచుకుపడింది. తనేనాడూ పగలు నడుం వాల్చిన పాపాన పోలేదట. ఈ వారంలో కంప్రెసర్ రాకపోతే ఆ గదిలో తన పాత సామాను పడేస్తానని తేల్చి చెప్పింది.

ఊళ్లో కొట్లన్నీ అయ్యాయి. ఆఖరికి ఓ మూలనున్న బుల్లి కంప్రెసర్ పక్కన బాబాయికి నిద్ర పట్టేసింది. దీని గాలి కుర్చీలకి చాలదని కొట్టాయన నిజాయితీగా చెప్పినా వినలేదు. ఇప్పుడు కుర్చీ కాలొకదానికి రంగు వేసి, గాలి నిండేదాకా కూర్చుని, తర్వాతి కాలు మొదలెడతాడు. ఈ లెక్కన కుర్చీ పూర్తయ్యేలోగా కూర్చునేవాళ్లకి ముసలితనం వస్తుందంటుంది పిన్ని.

నెల తర్వాత గేటు దగ్గర పక్కింటి నర్సు కనబడింది. ఆవిడకి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ, పడక పగలు. ఆవిడ పడకగదికీ బాబాయి పనిగదికీ మధ్య ఒక్కటే గోడ. రొద భరించలేకే ఇదివరకటి ఇల్లు ఖాళీ చేసి వచ్చింది.

"మీ బాబాయిగారు కంప్రెసర్ ఇంకా కొనలేదా తమ్ముడూ?" అంది గొంతు తగ్గించి. "నా నిద్ర పాడవుతుందని ఆగిపోయారేమో. చప్పుడైతే అయింది, నేను సర్దుకుంటాను. కొనుక్కోమని చెప్పు."

లోపలికెళ్లి బాబాయితో చెప్పాను. మూడో కాలు ముగించి గాలి కోసం కాచుకుని కూర్చున్న మనిషి మొహం చేటంతయింది.

"ఇంకా చూస్తున్నానని చెప్పరా" అన్నాడు.