పిన్ని వేసిన తాళం

ఇవాళ పొద్దున నందిగామ బస్టాండులో నిలబడి ఫోన్‌లో బ్యాంకు యాప్ తెరవబోతే పాస్‌వర్డు తప్పంది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ తప్పంది. మూడోసారికి, ఈ రోజుకి చాలు, రేపు ప్రయత్నించండి అని మర్యాదగా మొహం మీద తలుపేసింది. నాకసలే ఓపిక తక్కువ. ముందున్న మనిషి చిల్లర వెతుక్కుంటుంటే ఆ సంచీ లాక్కుని నేనే తీసిద్దామనిపించే రకం. అలాంటిదాన్ని, ఆ మాట చూసి గట్టిగా నవ్వేశాను. పక్కనున్నావిడ నన్ను ఎగాదిగా చూసి, తన బ్యాగు కాస్త దగ్గరికి జరుపుకుంది. నవ్వు ఎందుకొచ్చిందో ఆవిడకి చెప్పాలంటే జగ్గయ్యపేటలో మా పిన్ని సంగతి మొదలుపెట్టాలి, ఈలోగా బస్సు వచ్చేస్తుంది.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. లెక్కల్లో డిగ్రీ చేసి, పేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వెళ్ళింది. బెజవాడలో ఎవరి కొట్లోనో కంప్యూటర్ చూసొచ్చి, మా బాబాయి కూడా ఒకటి తెచ్చాడు. అప్పటికి పేటలో అదో వింత. దానికి దండ వేశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, కొట్టు వెనకగదిలో ప్రతిష్ఠించి చెప్పులు బయటే విడవాలన్నారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కొన్నాళ్ళు దానికి పొద్దున్నే అగరొత్తి వెలిగించడం తప్ప వేరే పని చెప్పలేదు. చివరికి పిన్నే కొంగు బిగించింది. రోజూ బస్సెక్కి నందిగామ వచ్చి, ఎరువుల కొట్టు మీద మేడగదిలో నడిచే కంప్యూటర్ సెంటర్లో చేరింది. వస్తూపోతూ మా ఇంట్లో కాఫీ తాగేది. కాలేజీలో చదువుతున్న నాకు ఆవిడ పుస్తకాలు చూసి ఈ కంప్యూటర్ పిచ్చి పట్టింది. ఇన్నేళ్ళుగా నేను పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ కాఫీల చలవే.

నేర్చుకున్నదానితో తృప్తిపడే మనిషి కాదు పిన్ని. మూసి ఉన్నది ఏది కనబడినా తెరిచి చూడాలి ఆవిడకి. గడియారాలు, రేడియోలు అయిపోయాక పాస్‌వర్డుల మీద పడింది. సెంటర్లో అందరి తాళాలూ ఒక్క పూటలో తీసేసి, మాస్టారికి చెమటలు పట్టించింది. అందులో విద్యేమీ లేదట. మా వైపు వాళ్ళందరికీ వేదాద్రి నరసింహస్వామి ఇలవేల్పు కదా, ఎవరిని కదిలించినా ఆయన పేరే పాస్‌వర్డు. "స్వామి కాపాడతాడే, కాదన్నానా? కానీ ఆయన పేరు ఊరందరికీ తెలుసు కదా" అనేది. నాకో సూత్రం కూడా చెప్పింది. "మనకిష్టమైనవాళ్ళ పేరు ఎప్పుడూ పెట్టకు. మనకెవరిష్టమో బజారంతా తెలుసు."

బజారంతా తెలిసిన ఇంకో సంగతి, పిన్నికీ ఆవిడ అత్తగారికీ పడదని. దీపం పెట్టే వేళకి కోడలు ఆ డబ్బా ముందు కూర్చుంటుందని అత్తగారి గోల. అయితే ఓ ఏడాది మామగారి తద్దినం దగ్గర చిక్కొచ్చింది. తిథి ఒకరోజు మధ్యాహ్నం మొదలై మర్నాడు మధ్యాహ్నం దాకా సాగింది. ఒక పంచాంగం ముందురోజన్నది, ఇంకోటి మర్నాడన్నది. వీళ్ళు ముందురోజు పెట్టేశాక, కాదు రెండోరోజే సరైనదని పెద్ద పంతులుగారు తేల్చారు. పోయిన మామగారు ఆకలితో వెనక్కి వెళ్ళిపోయుంటారని అత్తగారు రెండురోజులు అన్నం ముట్టలేదు.  పిన్ని సూర్యుడి నడక, చంద్రుడి నడక లెక్కలు ఎక్కడెక్కడివో పుస్తకాలు తెప్పించి, నెలల తరబడి కూర్చుని, ఏ ఏడాదికైనా తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, తద్దినం ఏ రోజు పెట్టాలో చెప్పే ప్రోగ్రాం రాసింది. "డబ్బా చెబితే పితృదేవతలొస్తారా?" అని మూతి విరిచింది అత్తగారు. విరిచిన మూతితోనే ఏటా కొట్టువాళ్ళ చేత చల్లగా అడిగించేది, ఈసారి ఎప్పుడంటోందీ అని. పోయేదాకా కోడల్ని ఒక్క మంచి మాట అనలేదు.

ఆ ప్రోగ్రాంకి పిన్ని తాళం వేసింది. మా చిన్నప్పుడు ఊళ్ళో దయ్యం తిరుగుతోందని, తెలిసిన గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని పుకారు పుడితే, తలుపుల మీద బొగ్గుతో 'రేపు రా' అని రాసేవాళ్ళు. దయ్యం చదువుకుని వెళ్ళిపోవాలి. మర్నాడొస్తే మళ్ళీ అదే ఉంటుంది. పిన్ని తన తాళానికి ఆ మంత్రమే వాడింది. మూడుసార్లు పాస్‌వర్డు తప్పు కొడితే, ఇంగ్లీషు అక్షరాల్లో 'రేపు రా' అని వచ్చి, కింద ఆ రోజు తారీకు పడి, మర్నాటిదాకా ఇంకేమీ అడగదు.

రెండేళ్ళ క్రితం పిన్ని పోయింది. పిల్లలు లేరు, బాబాయే కర్మ చేశాడు. ఏడాది తిరిగి సంవత్సరీకం దగ్గరపడేసరికి సరిగ్గా అదే చిక్కు. ఒక పంచాంగం బుధవారమంది, ఇంకోటి గురువారమంది. బాబాయి నాకు ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ పిన్ని డబ్బా చెప్పిందాకా నేను పిండం పెట్టను. వచ్చి తెరువు."

సోమవారం వెళ్ళాను. ఏడాదిగా ఎవరూ కరెంటు పెట్టని ఆ కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ లేచింది. అంత చెప్పించుకుని కూడా, ముందు స్వామి పేరే కొట్టాను. తర్వాత బాబాయి పేరు. తర్వాత, సిగ్గులేకుండా, నా పేరు. 'రేపు రా' అంది. మంగళవారం వెళ్ళాను. కరెంటు పెట్టీపెట్టగానే, ఏమీ అడక్కుండానే 'రేపు రా' అంది. లోపలి డిస్కు విప్పి మా కాలేజీకి పట్టుకెళ్తానంటే బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"దాన్ని విప్పదీస్తే ఊరుకోను. అది ఆవిడ చెయ్యి."

బుధవారం పొద్దున కాలేజీకి సెలవు పెట్టి మళ్ళీ బయల్దేరాను. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి బస్సు పేట వైపు తిరిగేదాకా సీటు అంచునే కూర్చున్నాను. ఇంటికి వెళ్తే పంతులుగారు వచ్చేసి ఉన్నారు. వంటవాళ్ళు పొయ్యి వెలిగించాలా వద్దా అని చేతులు కట్టుకుని నిలబడ్డారు. కంప్యూటర్ పెట్టాను. 'రేపు రా.'

"నిన్నా రేపే, ఇవాళా రేపే! ఏంటే ఇది, నేను పరాయివాణ్ణా?" అన్నాడు బాబాయి దానితోనే.  పెరట్లోంచి పంతులుగారు, "శెట్టిగారూ, మధ్యాహ్నం దాటితే నా చేతుల్లో లేదండీ" అన్నారు.

 తెర మీద ఆ రెండు మాటల వంకే చూస్తుంటే కింద తారీకు కనబడింది. మూడురోజులుగా చూస్తూనే ఉన్నాను, పిన్ని ఆ ప్రోగ్రాం రాసిన రోజు కాబోలనుకున్నాను. ఎప్పటిదో జనవరి ఒకటి. సోమవారమూ అదే, మంగళవారమూ అదే. కరెంటు లేనప్పుడు లోపలి గడియారాన్ని నడిపించే చిన్న బ్యాటరీ ఏడాదిలో చచ్చిపోయింది. పెట్టినప్పుడల్లా ఆ యంత్రం మళ్ళీ జనవరి ఒకటి నుంచే మొదలుపెడుతోంది. దాని లెక్కలో ఇంకా రేపు రాలేదు.

ఆ బ్యాటరీ బిళ్ళ మార్చడానికి మూత ఒక్కటి తీస్తానని బాబాయిని బతిమాలి ఒప్పించి, బజారుకి పరిగెత్తాను. వాచీల కొట్లో ఆ గుండ్రటి బిళ్ళ దొరికింది. అది వేసి, తారీకు సరిచేసి, మళ్ళీ పెట్టాను. ఈసారి పాస్‌వర్డు అడిగింది. కొట్టు పేరు తప్పంది. పిన్ని పుట్టినూరు తప్పంది. ఇక ఒక్క అవకాశమే మిగిలింది, కీబోర్డు మీంచి చేతులు తీసేశాను.

"ఇష్టమైనవాళ్ళ పేరు పెట్టొద్దనేది బాబాయ్" అన్నాను ఏడుపుగొంతుతో.

 బాబాయి కుర్చీ లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ వాళ్ళమ్మ పేరు కొట్టాడు. తలుపు తెరుచుకుంది.

కోడలు అత్తగారి పేరు పలకకూడదు ఆ ఇంట్లో. పిన్ని ఎన్నడూ పలకలేదు కూడా. ఇన్నేళ్ళూ వేళ్ళతో మటుకు ఆ పేరు తల్చుకునే లోపలికి వెళ్ళేదన్నమాట. "మా అమ్మకి ఈ సంగతి తెలిస్తే బాగుండేది" అన్నాడు బాబాయి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. నాకూ ఏడుపొచ్చింది. పెరట్లోంచి పంతులుగారు దగ్గారు.

పిన్ని పోయిన తిథి కొట్టి, సంవత్సరం కొట్టాను. లెక్కలు గబగబా పైకి పాకి ఆగాయి. గురువారం మధ్యాహ్నమే తిథి ఎక్కువ సేపు ఉంది. తద్దినం గురువారం పెట్టమంది.

"చూశావా, మొదట్నించీ రేపు రమ్మనే అంటోంది" అన్నాడు బాబాయి. ఏడాదిలో ఆయన నవ్వగా చూడటం అదే మొదలు. పంతులుగారు దర్భలు మడిచి సంచీలో పెట్టుకున్నారు. వంటవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళారు. నేను మాత్రం ఆ రాత్రికి పేటలోనే ఉండిపోయాను, మర్నాడు ఆయన పిండం పెట్టి, విస్తరి ముందు కూర్చుని, కలిపిన అన్నం పూర్తిగా తినడం చూసి మరీ బస్సెక్కాను.

రేపు రావడానికి ఆ యంత్రానికి బిళ్ళంత బ్యాటరీ చాలింది. మా బాబాయికి మాత్రం ఏడాది పట్టింది.