సొంతగడ్డ మీద జరగని ఆట

కొమొరోస్ దీవుల్లోని డొమోనిలో పూలనూనె తీసే బట్టీ దగ్గర మంట చూసుకునే హుమదిని ఊళ్లో "ఆరు" అనే పిలిచేవారు. అతను వయసులో ఉన్నప్పుడు ఊరి ఫుట్‌బాల్ జట్టు జువా క్లబ్బు కొమొరోస్ విజేతగా ఆఫ్రికా క్లబ్బుల కప్పుకి వెళ్లింది. అక్కడ ఒక్క ఆటలోనే గోల్‌కీపర్ హుమది ఆరు గోల్స్ వదిలాడు.

"ఏం ఆరూ, ఇవాళ నీ వలలో ఎన్ని పడ్డాయి?" అనేవారు చేపలమ్మే ఆడవాళ్లు. అతను తలొంచుకుని పోయేవాడు.

అతని జుట్టు నెరిసే వయసుకి క్లబ్బు మళ్లీ కొమొరోస్ విజేత అయింది. కప్పుకి బయల్దేరే ముందు, అందరూ ఫుండీ, అంటే గురువు, అని పిలిచే కోచ్ సొయిలిహి భుజం తట్టి, "ఈసారి ఏడు కాకుండా చూడరా, చాలు," అన్నాడు.

ఆఫ్రికా ప్రధాన భూభాగంలోని ఒక పెద్ద మైదానంలో ఏ దేవుడు పూనాడో గానీ, బంతి ఎటు కొట్టినా హుమది చేతుల్లోకే వచ్చింది. సున్నా-సున్నా. తిరిగొస్తే రేవు నిండా జనం. ఇక అదే జట్టుతో రెండో ఆట సొంత ఊళ్లోనే.

తల్లి మొయినేషా కొబ్బరిపాలలో ఉడికిన కర్రపెండలం ఆకు వడ్డిస్తూ అంది: "నిన్ను తిడుతుంటే వినలేక ఎన్నడూ మైదానం గడప తొక్కలేదురా. ఈసారి వస్తా."

మూడోనాడు సొయిలిహి బట్టీ దగ్గరికొచ్చి కట్టెల మోపు మీద కూలబడ్డాడు.

"కప్పు నడిపేవాళ్లు మన మైదానం పనికిరాదన్నారు. రెండో ఆట కూడా వాళ్ల ఊళ్లోనే."

"మరి అది మన సొంతగడ్డ ఎలా అవుద్ది, ఫుండీ?"

"కాగితం మీద మనమే ఇంటివాళ్లం. వాళ్ల ఇంట్లో వాళ్లకే మనం పీట వెయ్యాలి."

ఆ సంగతి తల్లికి చెప్పాడు. ఆమె ఆట చూడటానికని ఉతికి ఆరేసిన మంచి బట్టలు మడిచి పెట్టెలో పెట్టేసింది.

రెండో ఆటలోనూ హుమది చివరిదాకా కాచాడు. ఇంకాసేపట్లో ఈల వేస్తారనగా, దూరం నుంచి కొట్టిన మెత్తటి బంతి ఒకటి వానకి తడిసిన చేతుల్లోంచి జారి లోపలికి దొర్లింది. చిన్నపిల్లలు కూడా ఆపే బంతి. పడ్డచోటు నుంచి అతను లేవలేదు. అవతలి గోల్‌కీపర్ మైదానమంతా దాటి వచ్చి లేపాడు.

ఈసారి రేవులో ఎవరూ లేరు. ఇంట్లో తల్లి, "తిన్నావా?" అని మాత్రం అడిగింది.

ఆ వానాకాలంలోనే ముందువరసలో ఆడే ఇద్దరు కుర్రాళ్లు బతుకుతెరువు కోసం చిన్న పడవెక్కి, ఫ్రాన్స్ ఏలుబడిలోని పక్క దీవి మయోట్‌ వైపు పోయారు. ఒకడి సంగతి ఇప్పటికీ తెలీదు. వాడి తమ్ముడు ఆట మానేశాడు. పదకొండుమంది కూడక క్లబ్బు పేరు ఆ ఏటి పోటీల్లో లేదు.

"కొత్తవాళ్లని తయారుచేద్దాం, నువ్వు నేర్పు," అన్నాడు బట్టీ దగ్గరికొచ్చిన సొయిలిహి.

"ఏం నేర్పను, ఫుండీ? నేర్చుకుని ఎక్కడ ఆడతారు?"

హుమది పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోశాడు. పూలు ఉడుకుతున్నాయి, ఆ తియ్యటి వాసనకి ఇద్దరికీ తలనొప్పి పుట్టింది. హుమది మంట పక్కవాడికి అప్పగించాడు, ఇద్దరూ లేచి చెరో దారిన వెళ్లిపోయారు.