మా పేరు చెప్పమని అడిగాను

వైస్ ఛాన్సలర్ గారు పిలుస్తున్నారని అటెండరు వచ్చి చెప్పేసరికి నేను ల్యాబ్‌లో పిల్లల చేత చేప తలలోంచి చెవిరాయి తీయిస్తున్నాను. బియ్యపుగింజంత ఉంటుంది ఆ రాయి. దాని మీది గీతలు లెక్కపెట్టి చేప వయసు చెప్పొచ్చు. చేతులు కడుక్కున్నా నీచువాసన పూర్తిగా పోలేదు. అలాగే వెళ్లాను.

"విదేశాల వాళ్లతో కలిసి పేపర్లు రాసింది మన దగ్గర మీరేనమ్మా," అన్నారాయన. "ర్యాంకింగ్ సెల్ మీరు చూడాలి."

"నాకు చేపలు తప్ప ఇంకేం తెలీదు సార్."

"నాకు మాత్రం ఏం తెలుసు? నేర్చుకుందాం."

మాది విశాఖపట్నం శివార్లలోని ఓ ప్రైవేటు యూనివర్సిటీ. అప్పటికి నేను అక్కడ జువాలజీ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ప్రపంచ ర్యాంకులంటే ఎవరో పెద్దలు వచ్చి తనిఖీ చేస్తారనే అనుకున్నాను. ల్యాబులు చూస్తారు, లైబ్రరీలో కూర్చుంటారు, వెనక బెంచీలో చేరి పాఠం వింటారు. ఆ నమ్మకంతోనే మొదటి వారమంతా ల్యాబు అలమరాలు తుడిపించి, సీసాల మీద చిరిగిపోయిన చీటీలు మళ్లీ రాయించాను.

సెల్‌లో నాతోపాటు మరొకాయన ఉండేవారు. పాతనగరం మనిషి. వాళ్ల నాన్నకు అక్కడ గడియారాలు బాగుచేసే కొట్టుండేది. ఈయన కంప్యూటర్ల వైపు వచ్చారు. నా హడావిడి రెండు రోజులు చూసి మూడో రోజు మెల్లగా అన్నారు.

"మేడం, ఎవరి కోసం ఇదంతా? ఎవరూ రారు మేడం."

"రాకుండా ఎలా తెలుస్తుంది?"

"ఆళ్లు ఫారం పంపుతారు. ప్రపంచంలో ఉన్న ప్రొఫెసర్లందరికీ. 'మీ సబ్జెక్టులో మంచి యూనివర్సిటీలు ఏటి' అని అడుగుతారు. ఆళ్లు కొన్ని పేర్లు చెప్తారు. ఆ పేర్లు లెక్కేస్తారు. మిగతాయి ఉన్నాయనుకోండి, పేపర్లు, టీచర్లు, ఫారిన్ స్టూడెంట్లు. కానీ అన్నిట్లోకీ పెద్ద ముక్క ఈ పేరే."

"మన పేరు ఎవరు చెబుతారు?"

"అదే కదా మేడం మన పని," అని నవ్వారు. ఆ నవ్వులో వెటకారం లేదు. నాకంటే ముందే అలిసిపోయిన మనిషి నవ్వు అది.

మా పనికి హద్దులున్నాయి. ఫారం అందుకోవడానికి ఇష్టపడే విదేశీ ప్రొఫెసర్ల పేర్లు మేం పంపొచ్చు. వాళ్లు ఏం రాయాలో మాత్రం చెప్పకూడదు. నేను ఇంట్లో అట్టపెట్టెలో పడేసి ఉంచిన విజిటింగ్ కార్డులన్నీ తెచ్చాను. ఎప్పుడో సెమినార్లలో టీ తాగుతూ రెండు మాటలు మాట్లాడిన వాళ్లవి. ఒక్కొక్కరికీ మెయిల్ రాశాను. ఎక్కువమంది నుంచి జవాబే లేదు. ఒక పెద్దాయనకు రాస్తే ఆయన కూతురు జవాబిచ్చింది. నాన్న పోయి రెండేళ్లయిందని, మీరెవరో తనకు తెలీదని, అయినా గుర్తుపెట్టుకున్నందుకు కృతజ్ఞతలని. నేను ఆయన్ను గుర్తుపెట్టుకుని రాయలేదు. కార్డు కనిపించింది కాబట్టి రాశాను. జాబితాలోంచి ఆ వరస తీసేశాను. సాయంత్రం పాతనగరం ఆయన లెక్క చూసి, "ఒకటి తగ్గిందేటి మేడం?" అని అడిగారు. పోయారండీ అని చెప్పాను. ఆయన ఏదో ప్రార్థన గొణుక్కుని మళ్లీ స్క్రీన్ వైపు తిరిగారు.

ఆ జాబితాలో నాకు నిజంగా తెలిసిన మనిషి ఒకరే. నార్వే ఆవిడ, నాకంటే పదేళ్లు పెద్ద. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో వచ్చి ఒక సీజను ఇక్కడే ఉంది. రోజూ పొద్దున్నే జాలరిపేట ఒడ్డున ఇద్దరం కొలబద్ద పెట్టుకుని కానాగుర్తలు కొలిచేవాళ్లం. ఆ చేపకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే మన తెలుగు మాట ఉంది. అది తెలిసిన రోజున ఆవిడ ఒడ్డు మీద కనిపించిన ప్రతివాళ్లకూ చేపను చూపించి "కానాగుర్త, కానాగుర్త" అని పలికి వినిపించింది. జాలరి ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. తరవాత ఇద్దరం కలిసి రెండు పేపర్లు రాశాం. ఏడాదికోసారి ఉత్తరం. ఫారం అందుకోవడానికి సరేనంది.

జాబితా పూర్తిచేసి వీసీ గారికి చూపించాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"పేర్లు పంపితే సరిపోదమ్మా. ఫారం ముందు కూర్చున్నప్పుడు వాళ్లకి మనం గుర్తు రావాలి కదా. మీకు బాగా తెలిసినవాళ్లకి ఒక మాట వేయండి."

"అలా అడగకూడదని రూల్సులో ఉంది సార్."

"ఉంది. అందరూ అడుగుతూనే ఉన్నారు." అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "అడ్మిషన్లకి వచ్చిన తల్లిదండ్రులు కుర్చీలో కూర్చోకముందే ర్యాంకెంత అంటున్నారు. చేరేవాళ్లు తగ్గితే ముందు మూతపడేది మీ జువాలజీ. నేను బెదిరించడం లేదమ్మా. నాకు కనిపిస్తున్నది చెబుతున్నాను."

నిజంగానే బెదిరించలేదు. ఆయన గొంతులో ఉన్నది భయం. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికయ్యేది.

రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు, నలుగురికి మెయిల్ రాశాను. వాళ్లలో నార్వే ఆవిడ ఒకరు. అన్నీ మామూలు సంగతులే. చివర ఒక్క వాక్యం: 'ఆ ఫారం నింపేటప్పుడు మా యూనివర్సిటీ పేరు కూడా తలుచుకుంటే సంతోషిస్తాను.' ఆ వాక్యాన్ని నాలుగైదు రకాలుగా మార్చి చూశాను. ఎలా రాసినా అడుక్కున్నట్టే ఉంది. చివరికి మొదట రాసిందే పంపాను.

ముగ్గురు జవాబివ్వలేదు. ఆవిడ మాత్రం ఇచ్చింది. కాలేజీ బస్సులో పెందుర్తికి, ఇంటికి వెళుతూ ఫోన్లో చదివాను. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరం సారాంశం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"ఫారం వచ్చింది. చివర్లో ఒక ప్రశ్న ఉంది. ఫలానా పేరు రాయమని మిమ్మల్ని ఎవరైనా అడిగారా అని. అవునంటే నీకు ఇబ్బంది. కాదంటే నేను అబద్ధమాడినట్టు. అందుకని పంపకుండా మూసేశాను. నువ్వు అడగకపోయి ఉంటే మీ పేరు రాసేదాన్నా? ఏమో, తెలీదు. నీ పని నాకు తెలుసు. ఆ ఒడ్డు తెలుసు. మీ యూనివర్సిటీ గురించి మాత్రం నాకేమీ తెలీదు. ఇన్నేళ్లలో నువ్వెప్పుడూ చెప్పలేదు."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తరవాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచాను. ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, జవాబూ రాయలేదు.

ఆ ఆదివారం చేపల కోసం జాలరిపేట వెళ్లాను. నేను ఎప్పుడూ కొనే ఆవిడ నన్ను చూసి తట్ట మీది తడిగుడ్డ తీసింది.

"ఏటమ్మా, ఈ మజ్జిన అగుపడ్డం మానేసినావు? సేపలు కొలవడానికీ రాట్లేదు. ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉంది. కాలేజీలో వేరే పని పడింది."

"ఏటి పని?"

ఉన్నదే చెప్పాను. "మా కాలేజీ మంచిదని వేరే దేశాల వాళ్ల చేత చెప్పించాలి."

"ఆళ్లు వచ్చి సూసినారేటి?"

"లేదు."

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కానాగుర్త మొప్ప ఎత్తి ఎర్రదనం చూపిస్తూ, "అందులో తప్పేటుంది? మాదీ అంతే గదా. ఒకావిడ కొనుక్కెల్లి బాగుందంటే, పక్కింటావిడ వత్తాది. పేరు లేకపోతే నాను సాయంత్రం దాకా ఇక్కడే కూకోవాల," అంది.

అవును కదా అనిపించింది. ఇంటికెళ్లి చేపలు కడుగుతుంటే మళ్లీ అనిపించింది, ఆ మొదటావిడ వండుకుని తిన్నాకే కదా బాగుందని చెబుతుంది, అని.

కొన్ని వారాలకు అదే ఫారం నాకూ వచ్చింది. పేపర్లు రాసిన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నన్నూ అడిగారు. చేపల శాస్త్రంలో ప్రపంచంలోకెల్లా మంచి యూనివర్సిటీలు ఏవి అని. ల్యాబ్‌లో తలుపు వేసుకుని కూర్చున్నాను. ఆలోచించకుండానే మూడు పేర్లు నొక్కేశాను. నొక్కాక ఆగిపోయాను. ఆ మూడింటిలో నేను ఏదీ చూడలేదు. అక్కడ పాఠం ఎలా చెబుతారో తెలీదు. అక్కడి వాళ్లు ఈ మధ్య ఏం రాశారో కూడా రెండింటి విషయంలో నాకు తెలీదు. చదువుకునే రోజుల నుంచి ఆ పేర్లు వింటున్నాను, అంతే.

నేను నిజంగా వాడుకునేది కేరళ తీరంలోని ఒక చిన్న కాలేజీ వాళ్ల పనిని. చెవిరాళ్ల బొమ్మలు వాళ్లు గీసినంత శ్రద్ధగా ఎవరూ గీయలేదు. మా పిల్లలకు ఆ బొమ్మలు చూపించే పాఠం చెబుతాను. ఆ పేరు రాద్దామని టైపు చేశాను. జాబితాలో లేదు. స్పెల్లింగు మార్చి చూశాను. లేదు. జాబితాలో ఉన్నవాటిలోంచే ఎంచుకోమంది ఫారం.

చివరి ప్రశ్న వచ్చింది. మిమ్మల్ని ఎవరైనా అడిగారా? లేదని నొక్కాను. నన్ను ఎవరు అడుగుతారు? ఫారం మూసేయాలనిపించింది గానీ మూయలేదు. ఆ మూడు పేర్లతోనే పంపేశాను. నార్వే ఆవిడ చేసినంత పని కూడా నేను చేయలేకపోయాను.

ర్యాంకులు వచ్చాయి. లిస్టులో అట్టడుగున, విడివిడిగా నంబర్లు కూడా ఇవ్వకుండా అందరినీ ఒకే గుంపుగా చూపించే చోట మా పేరుంది. పేరుప్రతిష్ఠల కింద చెప్పుకోదగ్గ మార్కులేమీ లేవు. అయినా లిస్టులో ఉండటమే గొప్ప. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు, లడ్డూలు పంచారు. సెల్ వాళ్లని ముందు నిలబెట్టి ఫోటో తీశారు. పాతనగరం ఆయన పక్కన నిలబడి, "నవ్వండి మేడం, ఒక్క నిమిషం," అన్నారు. నవ్వాను.

ఫోటో అయ్యాక వీసీ గారి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. నేను రాసిన వాక్యం, నార్వే ఆవిడ ఫారం మూసేయడం, అన్నీ. ఆయన విన్నారు.

"అడగమన్నది నేనే కదమ్మా," అన్నారు.

"రాసింది నేను సార్. ఇక ఈ పని నా వల్ల కాదు."

"మీ బదులు ఎవరున్నారో చెప్పండి."

ఇంకొకరి పేరు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయన కూడా రెట్టించలేదు. ఇంకో సెమిస్టరు చేయించుకుని, మేనేజ్‌మెంటు విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయికి అప్పగించారు.

సెల్ వదిలిన వారంలో నార్వే ఆవిడకు ఉత్తరం రాశాను. ముందు క్షమించమన్నాను. తరవాత, ఇన్నేళ్లలో ఎప్పుడూ రాయనిది రాశాను, మా యూనివర్సిటీ గురించి. మైక్రోస్కోపులు చాలవని, ఇద్దరికొకటి చొప్పున సర్దుకుంటామని. పిల్లల్లో సగానికి పైగా వాళ్ల ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినవాళ్లని. ఒకమ్మాయి పరీక్షలో చెవిరాయి మీద గీతలు నాకంటే సరిగ్గా లెక్కపెట్టిందని, నేను తప్పని రుజువు చేసి చూపించిందని. ఇంగ్లీషులో సెమినారు ఇవ్వమంటే వణికే పిల్లలే చేప కోయమంటే చెయ్యి వణక్కుండా కోస్తారని. రాస్తుంటే ఉత్తరం పెద్దదైపోయింది. పొగిడినట్టు ఉన్న వాక్యాలు మళ్లీ చదివి కొట్టేశాను. కొన్ని కొట్టేయాలనిపించలేదు.

నెల తిరిగాక జవాబు వచ్చింది. "ఇప్పుడు తెలిసింది. చెప్పినందుకు సంతోషం. పోయిన నెల రిటైరయ్యాను. ఇక నాకు ఫారాలు రావట," అని. కింద వాళ్ల ఇంటి కిటికీలోంచి కనిపించే సముద్రం ఫోటో పెట్టింది.

దాన్ని చూస్తుండగా మేనేజ్‌మెంటు అమ్మాయి వచ్చింది. ఉత్సాహంగా ఉంది, చేతిలో ల్యాప్‌టాప్. "మేడం, మీ కాంటాక్ట్స్ లిస్టులో మీకు బాగా క్లోజ్‌గా ఉన్నవాళ్లు ఎవరో మార్క్ చేసి ఇస్తారా?"

"ఎవరూ లేరమ్మా," అన్నాను.

ఆ అమ్మాయి నమ్మినట్టు లేదు. సరే మేడం అని వెళ్లింది. ఆ మధ్యాహ్నం నాకు వరసగా మూడు క్లాసులున్నాయి. కాళ్లు లాగుతున్నాయి. పిల్లలు ఏమనుకున్నా సరేనని, కుర్చీ లాక్కుని కూర్చునే పాఠం చెప్పాను.